రెండు రోజుల పొట్లం

మట్టెవాడలో యాకయ్య ఇంటికి పాలవాడికంటే ముందు రోగులొస్తారు. ఆ సోమవారం కూడా అంతే. మార్చి నెల, మార్కెట్టుకు మిర్చి బస్తాలు దిగే సీజను. గాలి ఇటు తిరిగిందంటే చాలు, బజారు బజారంతా ఒకేసారి తుమ్ముతుంది. ఏడు కాకముందే అరుగు మీద నలుగురు హమాలీలు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ఆటో డ్రైవరు కూచుని వంతులవారీగా దగ్గుతున్నారు.

ఇంటి ముందుగదే యాకయ్య దవాఖాన. బోర్డు మీద 'ప్రథమ చికిత్స కేంద్రం' అని ఉంటుంది కానీ ప్రథమా, ద్వితీయా, తృతీయా అన్ని విభక్తులూ ఆయన చేతిలోనే. పన్నెండేళ్ళు ఒక పెద్ద డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి, ఇరవై ఎనిమిదేళ్ళ కింద సొంతంగా కుర్చీ వేసుకున్నాడు. ఆర్.ఎం.పి. అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, "రా, మందిస్తా, పో! గంతే" అని చెప్పి, అడిగినవాడికంటే ముందు తనే నవ్వుతాడు.

ఆయన ఇచ్చే మందు ఎప్పుడూ పొట్లమే. అట్టల్లోంచి ముందే ఒలిచిపెట్టుకున్న గోలీలు పాత పేపరు ముక్కలో పడతాయి. ఒక తెల్లది, ఒక పసుపుది, ఒక ఎరుపూ నలుపూ గొట్టం గోలి. పూటకు మూడు చొప్పున రెండు రోజులకు. మూడో రోజుకు ఇవ్వడు. బస్తాలు మోసేవాడికి మూడు రోజులు మందు మింగే ఓపిక ఎక్కడిది? ఒక్క రోజులో లేచి నిలబడాలి. నిలబెట్టినవాడే డాక్టరు. గోలి పేరేమిటని అడిగితే మాత్రం చెప్పడు. "నీకు పేరు గావాల్నా, తగ్గాల్నా?" అంటాడు.

"ఏమైందిరా సారయ్యా?"

"దగ్గు డాక్టర్ సాబ్. గొంతుల మిరపకాయ ఇరికినట్టున్నది" అన్నాడు సారయ్య అనే హమాలీ.

"పొద్దంత మిర్చి మోస్తే గొంతుల గులాబ్‌జామ్ ఇరుకుతదారా? ఇగో, ఇది ఏస్కో. దగ్గు దౌడు తీస్తది."

వంటింట్లో టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న కోడలు సుభాషిణి ఆ మాట విని పళ్ళు కొరికింది. ఆమె హన్మకొండలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. రోగుల నుంచి తీసిన క్రిములను గాజు పళ్ళెంలో పెంచి, ఏ మందుకు లొంగుతాయో, దేనికి లొంగవో చూసే పని. ఇంట్లో మామ మందులు పంచుతాడు, ల్యాబులో కోడలు క్రిములు పెంచుతుంది. పేరుకు సుభాషిణే కానీ ఈ మధ్య మామగారి లెక్కలో దుర్భాషిణి. ఆ పొట్లాల గురించి నోరు తెరిచే మనిషి ఇంట్లో ఆమె ఒక్కతే. పొట్లం దగ్గర మొదలైన మాట పోట్లాట దగ్గర తప్ప ఆగదు.

"మిర్చి ఘాటుకు దగ్గొస్తే యాంటీబయాటిక్ ఎందుకు అత్తమ్మా? నువ్వన్న చెప్పరాదు" అంది చిన్నగా.

అత్త మొగిలమ్మ పొయ్యి గట్టును రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. చాయ్ పొంగి పొయ్యి మీద పోతున్నా చూడటం లేదు.

"అత్తమ్మా!"

"ఏం లేదే. జర కండ్లు తిరిగినయ్."

సుభాషిణి స్టవ్ ఆపి నుదుటి మీద చెయ్యి వేసింది. చాయ్ గిన్నెకంటే నుదురే వేడిగా ఉంది. మొగిలమ్మ కుడిచెయ్యి నడుం వెనక్కి పోయి అక్కడే అతుక్కుంది.

"మళ్ళా మూత్రంల మంటనా?"

"మెల్లగ మాట్లాడవే, బయట మంది ఉన్నరు."

"దసరా సంది ఇది నాలుగోసారి!"

"మీ మామయ్య పొట్లమిచ్చిండు. ఆయన హస్తవాసి నీకు తెల్వదు. బజారుల ఎవలనన్న అడుగు."

సుభాషిణి బజారును అడగలేదు. బ్యాగులోంచి మూతబిగించిన చిన్న డబ్బా తీసి అత్త చేతిలో పెట్టింది. "ఇందుల మూత్రం పట్టియ్యి. తీస్కపొయ్యి కల్చర్ పెడ్త."

ఆ మాట ముందుగదికి వినబడింది. యాకయ్య స్టెతస్కోపు మెడలో ఊగుతుండగా తలుపు దగ్గరికి వచ్చాడు. "కల్చరా? నా పెండ్లానికి నేను మందిస్తానంగ, నా ఇంటి కల్చర్‌కు నువ్వు పరీక్ష పెడ్తవా బిడ్డా?"

"ఇంటి కల్చర్ కాదు మామయ్యా, ఒంట్ల కల్చర్. లోపల ఏం పెరుగుతాందో చూస్త."

"నా మీద నీకు కోపం పెరుగుతాంది. అది చూస్కో ముందు!"

భానుచందర్ సగం గడ్డం గీసుకుని సగం నురగతో బయటికొచ్చాడు. యాకయ్యకు ఒక్కడే కొడుకు, కాలేజీల దగ్గర జిరాక్స్ షాపు. పేరులో సూర్యుడూ చంద్రుడూ ఇద్దరూ ఉండబట్టో ఏమో, తండ్రికీ భార్యకీ మధ్య పడి ఆరేళ్ళుగా గ్రహణంలోనే ఉన్నాడు. "తీస్కపోనియ్యి బాపూ. ఒక్క డబ్బానే గద" అన్నాడు. యాకయ్య వెనక్కి తిరిగి, దగ్గేవాళ్ళ మధ్యకు వెళ్ళి కూచున్నాడు. తర్వాతి నాలుగు పొట్లాలు అవసరానికి మించి గట్టిగా కట్టాడు.

*

మధ్యాహ్నం రెండింటికి మొగిలమ్మ బట్టలు ఆరేస్తూ పెరట్లో కూలబడింది. పళ్ళు టకటకమని కొట్టుకునేంత చలి. మార్చి ఎండలో! మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. షాపు నుంచి వచ్చిన భానుచందర్, తండ్రి మాట వినకుండా ఆటో పిలిచి, హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్ళాడు. యాకయ్య కూడా ఎక్కాడు. దారి పొడుగునా భార్య నాడి పట్టుకుని, లెక్క తప్పి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతూనే ఉన్నాడు.

డాక్టరు తిరుమల నలభై ఏళ్ళ మనిషి. పరీక్ష చేసింది. "మూత్రంలో ఇన్ఫెక్షన్ పైకి, కిడ్నీల దాకా పాకినట్టుంది. ఇంతకుముందు ఏవైనా యాంటీబయాటిక్స్ వాడారా? పేర్లు చెప్పండి, ఎన్ని రోజులు వాడారో చెప్పండి" అంది.

భానుచందర్ తండ్రి వైపు చూశాడు. యాకయ్య డాక్టరమ్మ గోడ మీదున్న పట్టాల వైపు చూశాడు. మూడు ఉన్నాయి, అద్దాల్లో.

"ఏం లేవు మేడం. జ్వరం గోలి, అంతే."

భానుచందర్ నోరు తెరిచాడు. తండ్రి చెయ్యి అతని మోచెయ్యిని నొక్కింది. నోరు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున మొగిలమ్మను ఐసీయూకు మార్చారు. పేరు ఐసీయూ, కానీ చూడనియ్యరు. ఆమె బీపీ దిగుతుంటే బయట ముగ్గురి బీపీలు ఎక్కుతున్నాయి. సుభాషిణి ల్యాబుకెళ్ళి పళ్ళెం తీసి చూసింది. నిండా గులాబీ రంగు చుక్కలు, ఖాళీ లేకుండా. వాటిని కొత్త పళ్ళెంలో పరిచి, మీద మందులద్దిన కాగితపు బిళ్ళలు వరసగా పెట్టింది. మందుకు లొంగే క్రిమి ఆ బిళ్ళకు దూరంగా ఆగిపోతుంది, చుట్టూ ఖాళీ గుండ్రం మిగులుతుంది. లొంగనిది బిళ్ళ అంచు దాకా పెరుగుతుంది. ఆ సంగతి రేపు గాని తెలియదు. రేపటి దాకా ఆగే తీరిక ఆమె కాళ్ళకు లేదు. పర్మిషన్ అడిగి దవాఖానకు ఉరికింది.

"మేడం, మా మామయ్య ఆర్.ఎం.పి. అత్తమ్మకు ఎన్నోసార్లు మందులిచ్చిండు" అంది డాక్టరుతో.

తిరుమల కళ్ళజోడు తీసింది. "ఆయన్నే అడిగానమ్మా నిన్న. ఏం లేవన్నారు. ఏ మందులు?"

"అదే తెల్వదు. అట్టలు తీసేసి ఒట్టి గోలీలు ఇస్తడు. పేర్లు ఆయనకొక్కనికే తెలుసు."

"చూడు, నువ్వు ఈ పనిలోనే ఉన్నావు కాబట్టి చెప్తున్నా. నిన్న పెట్టిన ఇంజక్షన్ పనిచేస్తున్నట్టు లేదు. దీనికి పై మెట్టు మందు ఉంది. దాన్ని ఊరికే తియ్యం. క్రిములు దానికీ అలవాటు పడితే ఆపైన మెట్లే లేవు. ఒకటి పెట్టి చూసి, ఇంకోటి పెట్టి చూసేంత బలం ఆమె కిడ్నీలకు లేదు. ఏవేవి పడ్డాయో తెలిస్తే ఇప్పుడే సరైనది మొదలుపెడతా. సాయంత్రం దాకా చూడగలను. రేపటి దాకా అంటే మాట ఇవ్వలేను."

బయట బెంచీ మీద మామగారు లేడు. భానుచందర్ ఒక్కడే అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏడి మామయ్య?"

"ఇంటికి పోయిండు. మంది ఎదురు చూస్తాండ్లట."

"నిన్న డాక్టరమ్మ అడిగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నవా?"

తండ్రి నొక్కిన మోచెయ్యిని భానుచందర్ తడుముకున్నాడు.

"నువ్వు జిరాక్స్ మిషన్‌వా భానూ? ముందల ఏం పెడితే అదే బయటికొస్తదా? నీకంటూ ఒక్క అక్షరం లేదా?" అని మెట్లు దిగింది. భానుచందర్ వెనక నుంచి, "అమ్మకు చీరలు గూడ తేవాలె, ఆగు, నేనొస్తాన" అంటూ పరిగెత్తాడు.

*

ఇంటికి చేరేసరికి అరుగు మీద చెప్పుల గుట్ట. లోపల యాకయ్య కుర్చీలో కూచుని ఉన్నాడు కానీ కూచున్నట్టు లేడు. లేస్తున్నాడు, డ్రాయరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. సుభాషిణి ఆయన్ను దాటి నేరుగా లోపలి గదిలోకి వెళ్ళి, అత్త చీరల కోసం బీరువా తెరిచింది. రెండు చీరలు లాగింది. మూడోది లాగితే మడతల్లోంచి ఒక పొట్లం కింద పడింది. తర్వాత ఇంకోటి. చేయి పెట్టి అట్టడుగు దాకా వెతికింది. నాలుగు పొట్లాలు! అన్నీ ఒకసారి విప్పి మళ్ళీ మడిచినవే. ఏ పొట్లంలో చూసినా సగం గోలీలు అట్లాగే ఉన్నాయి.

వాటిని కొంగులో వేసుకుని ముందుగదిలోకి వచ్చింది.

"మామయ్యా, లే. డాక్టరమ్మ ఎదురుచూస్తాంది. ఏ మందులిచ్చినవో చెప్పాలె."

"నిన్ననే చెప్పిన."

"అబద్ధం చెప్పినవ్."

అరుగు మీద దగ్గులు ఒక్కసారిగా ఆగిపోయాయి. యాకయ్య ముఖం ఎర్రబడింది. "నలుగుర్ల నన్ను అబద్ధాలకోరును చేస్తానవా? ఇరవై ఎనిమిదేండ్లు! ఈ బజారుల నా సూది పడని చెయ్యి లేదు. నా మందుకు తగ్గని రోగం లేదు. నీ పళ్ళెంల పురుగులకు నా మందు పేరు గుర్తుపెట్టుకునే తెలివి ఉన్నదా? బడికి పోయినయా అవి?"

"పోయినయ్ మామయ్యా. నువ్వు పెట్టిన బడికే పోయినయ్." సుభాషిణి బల్ల దగ్గరికి జరిగింది. "మొదటి రోజు గోలికి బలం లేనివి చస్తయి. అందుకే జ్వరం దిగుతది, మనిషి లేస్తడు. బలమున్నవి మిగుల్తయి. వాటిని సంపాలంటే ఇంకా మందు పడాలె. అప్పుడే నువ్వు ఆపేస్తవ్. ఇగ మిగిలిన మొండివే పిల్లలు పెడ్తయ్. మళ్ళా జ్వరం, మళ్ళా పొట్లం, మళ్ళా ఇంకా మొండివి. గది ఒకటి. ఇంకోటి విను. భానూ, పరీక్షలప్పుడు నీ షాపుల ఏమైతది?"

ఉన్నట్టుండి తన మీద పడిన ప్రశ్నకు భానుచందర్ తడబడ్డాడు. "ఏమైతది... ఒక్క పోరడు నోట్సు రాస్తడు, నలభై మంది జిరాక్స్ తీస్కుంటరు."

"ఆ నలభై మంది వాని క్లాసోల్లేనా?"

"ఎవలైతేంది? పక్క కాలేజోళ్ళు గూడ వస్తరు."

"గిదే మామయ్యా! మందును ఎట్ల తప్పించుకోవాల్నో ఒక్క క్రిమి నేర్చుకుంటే చాలు. ఆ చిట్టీ జిరాక్స్ తీసి పక్కదానికిస్తది. వేరే జాతి క్రిమికి గూడ ఇస్తది. కడుపుల కలిసినా సరే, మురికి మోరీల కలిసినా సరే, చేతుల మీద కలిసినా సరే. నీ మందు ముఖం చూడని క్రిమికి గూడ నీ మందు కథంత తెలిసిపోతది."

యాకయ్య నవ్వాడు. నవ్వులో నవ్వు లేదు. "అంటే ఇన్నేండ్లు నేను దవాఖాన నడుపలే. పురుగులకు జిరాక్స్ షాపు నడిపిన. అంతేనా?"

వంతు కోసం నిలబడ్డ సారయ్య ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "నాకైతే రెండు రోజుల పొట్లం గూడ ఎక్కువే డాక్టర్ సాబ్. పొద్దుగాల ఒక్క పూట ఏస్కుంట, మిగిలినయి మా ఇంటిదానికిస్త. దానికి నడుం నొప్పి."

"నోరు మూస్కోరా!" అన్నాడు యాకయ్య. తర్వాత కోడలి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. తగ్గేసరికి ఆ గొంతులోంచి కోపం పోయి భయం బయటపడింది. "అక్కడ పొయ్యి చెప్తే ఏమైతదో తెలుసా నీకు? ఆమెకు గోడ నిండ పట్టాలున్నయ్. నాకేమున్నది? పేరు. రేపటికెల్లి బజారంత అంటది, యాకయ్య పెండ్లాన్ని యాకయ్యనే ఆగం చేసిండని. ఆ పేరు పోతే నేనెవన్ని బిడ్డా?"

సుభాషిణి కొంగు విప్పింది. నాలుగు పొట్లాలు బల్ల మీద పడ్డాయి.

"ఇవి అత్తమ్మ బీరువాల దొరికినయ్. సగం సగం ఎందుకు దాచిందో నాకు తెల్వదు. నీకేమన్న తెలుసా?"

యాకయ్య ఒకటి విప్పాడు. ఇంకోటి విప్పాడు. పేపరు ముక్క మీది తేదీ చూసి, గోలీని వేళ్ళతో తిప్పి చూశాడు. "ఇది దసరా ఎల్లినంక ఇచ్చింది... ఇది శివరాత్రికి ముందటిది." ఆయన చేతులు నెమ్మదించాయి. "రెండో రోజు పొద్దుగాలనే లేచి నల్లా కాడికి పొయ్యేది. తగ్గిందానే అంటే, తగ్గక సస్తదా, నీ చెయ్యి పడ్డది గద అనేది. నేను..." ఆగిపోయాడు.

అరుగు మీంచి సారయ్య అన్నాడు, మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. "మా ఇంటిదానికి గూడ మొగిలక్క గట్లనే చెప్పిందట డాక్టర్ సాబ్. మాయన పొట్లం ఒక్క రోజు చాలు, రెండో రోజు అక్కరే పడదని. అందుకేగా మేమంత వస్తాన్నం."

యాకయ్య ఆ గోలీల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఒక్కరోజులో తగ్గించే తన హస్తవాసి ఎక్కడిదో ఆయనకు ఆ క్షణాన కనబడింది. జ్వరంతో కాలుతూ, నడుం పట్టుకుని, నల్లా దగ్గర బిందె ఎత్తుకుని, నవ్వుతూ తన పేరు నిలబెట్టిన మనిషి కనబడింది. డాక్టరు పెండ్లానికే తగ్గలేదంటే ఇంకెవరొస్తారని ఆమె ఎవరితోనూ అనలేదు. అనకుండానే ఐదు నెలలు మోసింది. హమాలీలు బస్తాలు దింపుతారు కనీసం.

"మొగిలీ..." అన్నాడు, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు.

కుర్చీ వెనక్కి పడింది. నాలుగు పొట్లాలూ జేబులో కుక్కుకుని బయటికి నడిచాడు. చెప్పులు మర్చిపోయాడు. "డాక్టర్ సాబ్, మరి నా దగ్గు?" అని సారయ్య అడుగుతూనే ఉన్నాడు. భానుచందర్ అప్పటికే బండి స్టార్ట్ చేశాడు.

*

డాక్టరు తిరుమల గదిలో యాకయ్య కూచోమన్నా కూచోలేదు. పొట్లాలు బల్ల మీద వరసగా విప్పాడు.

"మేడం, నిన్న నేను అబద్ధం చెప్పిన. నా పెండ్లానికి దసరా సంది నాలుగు సార్లు మందిచ్చిన. ఇది సిప్రో. పసుపుది సెఫిక్సిమ్. గిది నొప్పి గోలి, కిడ్నీకి మంచిది కాదని తెలుసు, అయినా ఇచ్చిన. రెండు సార్లు అమికాసిన్ సూది గూడ చేసిన. ఏదీ రెండు రోజులు దాటలె. ఆమె రెండు రోజులు గూడ మింగలె." ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పని పేర్లు, ఒక్కోటీ ఆయన గొంతులోంచి పెరికినట్టు వచ్చాయి.

భానుచందర్ ముందుకొచ్చాడు. "నాదీ తప్పే మేడం. నేను పక్కనే ఉండి ఊకున్న."

తిరుమల తిట్టలేదు. తిడితే బాగుండుననిపించేంత నిశ్శబ్దంగా అన్నీ రాసుకుంది. రాసి ఫోనెత్తి ఐసీయూకు ఏ ఇంజక్షన్ పెట్టాలో చెప్పింది. తర్వాత ఒక్కటే అడిగింది. "మీ దగ్గరికి రోజుకు ఎంతమంది వస్తారు యాకయ్య గారూ?"

నిలబడ్డ యాకయ్య అప్పుడు కూచున్నాడు.

ఆ సాయంత్రమంతా కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగాడు. నర్సు తలుపు తీసిన ప్రతిసారీ లేచేవాడు, వేసిన ప్రతిసారీ కూచునేవాడు. బుధవారం పొద్దున సుభాషిణి ల్యాబు నుంచి పళ్ళెం ఫొటో ఫోనులో పంపింది, తర్వాత తనే వచ్చింది. తెల్ల బిళ్ళల్లో ఎక్కువవాటి చుట్టూ ఖాళీ అన్నదే లేదు, క్రిములు అంచుల దాకా పాకాయి. మూడింటి చుట్టూ మాత్రం శుభ్రమైన గుండ్రాలు. డాక్టరు పెట్టిన మందు ఆ మూడింటిలో ఒకటి.

యాకయ్య ఫొటోను దగ్గరికి లాక్కుని, బిళ్ళల మీది పొట్టి అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. "ఇది నేనిచ్చిందే. గిది గూడ నాదే." ఫోను వెనక్కిచ్చాడు. "నీ పళ్ళెంల నా దవాఖానంత ఉన్నది బిడ్డా."

ఆమె ఏదో కటువుగా అనాలనుకుంది. ఆయన కాళ్ళకు ఇంకా చెప్పులు లేవు. "అత్తమ్మ బీపీ ఎక్కుతాంది మామయ్యా. ఇప్పుడే చెప్పిండ్లు" అంది.

*

శుక్రవారానికి మొగిలమ్మ వార్డులోకి వచ్చింది. జ్వరం దిగింది. ఇంటికి పోతానని గొడవ పెట్టింది. ఇంజక్షన్లన్నీ అయ్యేదాకా మంచం దిగనియ్యనని యాకయ్య గొడవ పెట్టాడు. ఒక్క రోజులో తగ్గించే డాక్టరుకు రోజులు లెక్కపెట్టే జబ్బు పట్టుకుందని భానుచందర్ నవ్వాడు. అబద్ధాల గురించి, పొట్లాల గురించి మొగుడూ పెళ్ళాల మధ్య ఒక్క మాటా రాలేదు. బత్తాయి ఒలిచి తొనలు ఆమె నోట్లో పెడుతున్నాడు. ఆమె సిగ్గుపడి అటూ ఇటూ చూసి తింటోంది.

పదకొండింటికి వాళ్ళ పక్క బజారులో కూరగాయలమ్మే బక్కమ్మ చూడటానికి వచ్చింది.

"మొగిలక్కా, మంచిగైనవా?"

"మంచిగైన. ఏం ఫికర్ లేదు" అంది మొగిలమ్మ వెంటనే.

"కాక? డాక్టర్ సాబ్ పక్కన ఉండంగ!" బక్కమ్మ యాకయ్య వైపు తిరిగింది. "నిన్ననే అడుగుదామంటే ఇల్లు తాళమేసున్నది. మనవనికి మూడొద్దుల సంది దగ్గు. ఇంత పొట్లం కట్టియ్యరాదు?"

యాకయ్య చెయ్యి అలవాటుగా జేబు దాకా పోయింది. అక్కడే ఆగింది.

"నాకు తెల్వదు బక్కమ్మా."

"ఏం తెల్వదు?"

"ఆ దగ్గు ఏం దగ్గో నాకు తెల్వదు. మిర్చిదో, నిమ్ముదో, ఇంకేందో. అది తెలిసేటంత చదువు నేను చదువలె. తెలిసినట్టు ఇన్నేండ్లు ఇచ్చిన." ఆయన గొంతు పక్క మంచాల దాకా వినబడింది. తగ్గించలేదు. "పిల్లగాన్ని రేపు తీస్కరా. ఇక్కడి డాక్టరమ్మకు చూపెడ్దాం. నేనే తోల్కపోత."

బక్కమ్మ పరాచికమనుకుని నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి నవ్వు మింగి, కాసేపు కూచుని, ఏమీ అర్థం కాక వెళ్ళిపోయింది. ఆమె బజారుకు చేరేలోపు ఆ మాట చేరుతుందని అక్కడున్న అందరికీ తెలుసు.

యాకయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. మొగిలమ్మ గోడ వైపు తిరిగింది. భుజాలు అదురుతున్నాయి. మొగుడి పేరు కళ్ళముందే పోయిందని ఏడుస్తోందనుకుంది సుభాషిణి. మంచం అంచున కూచుంది.

"అత్తమ్మా... ఏమైంది?"

మొగిలమ్మ గోడతో చెబుతున్నట్టు అంది. "ఈ సూది కాడ సలుపుతాందే బిడ్డా. పొద్దుగాల్నుంచి."

సుభాషిణి దుప్పటి తీసి చూసింది. సెలైన్ పెట్టిన చెయ్యి మణికట్టు పైదాకా వాచి, మెరుస్తోంది. "అయ్యో, పొద్దుగాల్నుంచా! సిస్టర్ అడిగితే మంచిగున్నదన్నవ్ గదా?"

"అన్న" అంది మొగిలమ్మ. భర్త వీపు వైపు చూసింది. "ఇప్పుడు చెప్తాన."

యాకయ్య వెనక్కి తిరిగాడు. దగ్గరికొచ్చి ఆ చెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఏమి చెయ్యాలో చెప్పటానికి నోరు తెరిచాడు, చెప్పకుండా మూసుకున్నాడు. తర్వాత తన వయసు మరిచి వరండాలోకి పరిగెత్తాడు.

"సిస్టర్! ఓ సిస్టరమ్మా! మా ఆమెకు నొప్పైతాందట! జర వచ్చి చూడుండ్లి!"

ఆ కేకలో ఏడుపుందో సంతోషముందో వార్డులో ఎవరికీ తెలియలేదు. సుభాషిణి కళ్ళు మసకబారాయి. మొగిలమ్మ మంచి చేత్తో కళ్ళు తుడుచుకుని, కోడలి చెవి దగ్గరికి జరిగింది.

"మోకాళ్ళు గూడ నొస్తానయే. రెండేండ్ల సంది. ఇంకా ఉన్నయ్, చెప్పమంటవా?"

"చెప్పు అత్తమ్మా" అంది సుభాషిణి, ఆ చెయ్యి కదలకుండా ఒళ్ళో పెట్టుకుని. "అన్నీ చెప్పు."